గుంట కుళాయిలు

ట్యాంకు దగ్గర బయలుదేరిన నీళ్ల పైపు ఊరంతా తిరిగి మా వీధిలో ఆగిపోతుంది. మా ఇల్లు దాటితే చవిటి నేల, దాని వెనక రొయ్యల చెరువులు, ఇంకాస్త పోతే సముద్రం. పైపు వేసేటప్పుడు మా వీధిని చివర పెట్టారు. చివర ఉంటారా అని మమ్మల్ని ఎవరూ అడగలేదు. నా పెళ్లయి ఈ వీధికి వచ్చేనాటికే అలా జరిగిపోయి ఉంది కాబట్టి ఆ తప్పు ఎవరిదో నాకు తెలియదు. తెలిసి ఉంటే ఇక్కడ చెప్పేదాన్నే.

పొద్దున ఒక గంట నీళ్లు వదులుతారు. పై వీధుల వాళ్లు మోటార్లు పెట్టి లాక్కున్నాక మిగిలింది మాకు వస్తుంది. ఆ మిగులుకు నేల మీద నిలబెట్టిన కుళాయిలోకి ఎక్కే బలం ఉండదు. అందుకని మా వీధిలో ప్రతి ఇంటి ముందూ ఒక గుంట ఉండేది. మోకాటి లోతు తవ్వి, చుట్టూ, అడుగునా సిమెంటు పూసి, పైపును అక్కడే కోసి గుంట అడుగున కుళాయి బిగించేవాళ్లం. అందులోకి దిగి వంగి చెంబుతో పట్టి బిందెలో పోసుకోవాలి. వానాకాలంలో పక్కనున్న మురుగు కాలువ పొంగి గుంట నిండేది. ఎండాకాలంలో కూడా అడుగున కొంత నీరు నిలిచే ఉండేది. దాన్ని చెంబుతో తోడిపోసి కుళాయి మూతి కడిగి నీళ్లు పట్టుకునేవాళ్లం. బోరు వేసుకుంటే నోట పెట్టుకోలేని ఉప్పునీళ్లు. కాబట్టి గుంటే మాకు దిక్కు.

పోయిన ఎండాకాలం మా వీధిలో కామెర్లు వచ్చాయి. ఎదురింటి అక్క కొడుకు ముందు పడుకున్నాడు. తరవాత మా ఆయన. ఆయన పరుపులు, దిండ్లు కుడతారు. పెళ్లిళ్ల రోజుల్లో చేతినిండా పని ఉండగా దూది బస్తాల పక్కనే చాప వేసుకుని కళ్లు పసుపు పచ్చగా చేసుకుని పడి ఉన్నారు. చూసిన డాక్టరు ఇది నీళ్లతో వచ్చేది అన్నాడు. ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని కూడా అడిగాడు. లేరు అన్నాను. ఉంటే జాగ్రత్త అమ్మా, ఈ రకం కామెర్లు కడుపుతో ఉన్న మనిషికి వస్తే ప్రాణం మీదికి వస్తుంది అన్నాడు.

ఆ మాట అన్న కొద్ది నెలలకే కావలిలో ఉన్న నా కూతురు నెల తప్పిందని కబురు వచ్చింది. తొలి పురుడు పుట్టింట్లో జరగాలి. మా వాళ్లలో ఏడో నెలలో తీసుకొస్తాం. నేను లెక్క వేసుకున్నాను. సరిగ్గా ఎండలు ముదిరే వేళకు నా కూతురు ఈ వీధిలో, ఈ గుంట నీళ్ల దగ్గర ఉంటుంది.

నాకంటే ముందు మా వియ్యపురాలు లెక్క వేసుకుంది. ఫోన్ చేసి బాగోగులు అడిగింది, మా ఆయన ఒంట్లో ఎలా ఉందని అడిగింది, చివరికి అసలు మాట చెప్పింది.

"మీ వీధిలో ఆ కామెర్లు ఇంకా ఉండాయంట గదా వదినా. పిల్లని ఈడనే ఉంచుకుంటాం. నువ్వే వచ్చి పురుడు పొయ్యి."

నీళ్లు కాచి ఇస్తానన్నాను.

"తాగేదానికి కాచిస్తావు. పళ్లు తోముకునేదానికీ కాచిస్తావా? కూరగాయలు కడిగేదానికీ?"

ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్నే. కానీ అడిగిన తీరులో మా ఇల్లే ఒక రోగం అన్నట్టు వినిపించింది. నా కూతురి తొలి పురుడు అత్తవారింట్లో జరిగితే రేపు కావలిలో నలుగురూ ఏమనుకుంటారో నాకు తెలుసు. పుట్టింటివాళ్లకు మంచినీళ్లకు కూడా గతి లేదంటారు. అది అబద్ధం కూడా కాదు. ఫోన్ పెట్టేసి అప్పటికప్పుడు కూర్చుని అర్జీ రాశాను.

ఊరి నీళ్ల పని చూసే ఇంజినీరు ఆఫీసు ట్యాంకు పక్కనే ఉంది. నేను వెళ్లేసరికి ఆయన ఫోన్‌లో ఏదో చూసుకుంటున్నారు. నా అర్జీ తీసుకుని పైనుంచి కిందికి ఒకసారి చూసి పక్కన పెట్టారు. మా వీధిలో నీళ్లు మంచివి కావని, కడుపుతో ఉన్న కూతురు రావాలని చెప్పాను.

"అందురూ క్యాన్ కొనుక్కుంటా ఉండారు గదమ్మా. నువ్వూ కొనుక్కో," అన్నారు తల ఎత్తకుండానే.

నీళ్ల పన్ను కడుతున్నాం కదా అన్నాను. వారం వారం పరీక్ష చేస్తున్నామనీ, ప్రతిసారీ బాగానే వస్తున్నాయనీ అన్నారు. బయట కూర్చో అన్నారు. కూర్చున్నాను. నా తరవాత వచ్చిన వాళ్లకు ప్లాస్టిక్ కుర్చీ వేయించారు. నన్ను మాత్రం బల్ల మీద కూర్చోబెట్టారు. ఆ బల్లకు ఒక కాలు పొట్టి. ఇవన్నీ నాకు గుర్తున్నాయి. గుర్తు పెట్టుకోవడానికి నేనేమీ కష్టపడలేదు.

కానీ ఆ బల్ల ఎదుట గోడకు ఒక పెద్ద బొమ్మల కాగితం అంటించి ఉంది. మంచినీళ్ల గురించి ప్రభుత్వం వాళ్లు వేయించింది. చాలాసేపు కూర్చోబెట్టారు కాబట్టి అక్షరం వదలకుండా చదివాను. ట్యాంకులో బ్లీచింగు మందు కలిపితే చాలదనీ, పైపు చిట్టచివరి కుళాయిలో కూడా మందు కొంచెం మిగిలి ఉండాలనీ, పరీక్ష అక్కడ కూడా చెయ్యాలనీ అందులో రాసి ఉంది. వారం వారం పరీక్ష చేస్తున్నాం అన్న మనిషి గది బయటి గోడకే అది ఉంది.

బయటికి వచ్చి ట్యాంకు దగ్గర నీళ్లు వదిలే అతన్ని అడిగాను, అన్నా, పరీక్ష ఎక్కడ చేస్తారని. అతను ట్యాంకు కాళ్ల దగ్గరున్న కుళాయి చూపించాడు. తను చేతులు కడుక్కునేది, టీ గ్లాసులు కడుక్కునేది అక్కడే. ఎప్పుడూ ఇక్కడేనా అంటే, "ఈడ్నే గదక్కా. ఈడైతే నీళ్లు ఎప్పుడూ ఉంటాయి," అన్నాడు. అతని వైపు నుంచి అది నిజమే. మా వీధికి వచ్చేసరికి నీళ్లు ఉంటాయో లేదో అతనికీ తెలియదు.

రెండో అర్జీలో గోడ మీది మాటలే రాశాను. దానికీ జవాబు లేకపోతే మూడోది రాసి, నెల్లూరులో పెద్దాఫీసుకు ఒక ప్రతి పంపుతున్నానని కింద రాశాను. పంపాను కూడా. అప్పుడు ఇంజినీరు గారు కబురు పెట్టారు. ఫలానా పొద్దున మీ వీధిలోనే, మీ ఇంటి కుళాయి దగ్గరే పరీక్ష చేస్తాం, సరేనా అని.

ముందురోజు నేను కావలి వెళ్లాను. కూతుర్ని చూసి, పనిలో పనిగా వియ్యపురాలికి పరీక్ష సంగతి చెప్పాలని. నీళ్లు చెడ్డవని తేలితే బాగు చెయ్యక తప్పదు, ఆ తరవాత పిల్లను తీసుకుపోతాను అన్నాను. చూద్దాంలే వదినా అంది. రాత్రికి అక్కడే ఉండి, తెల్లారి మొదటి బస్సుకు దిగి నేరుగా ఆఫీసుకే వెళ్లాను. నేను వెంట లేకపోతే సగం దారిలో ఆగి వెనక్కి పోతారేమోనని అనుమానం. ఇంజినీరు గారు, ట్యాంకు దగ్గరి అతను మోటారు సైకిల్ మీద, వెనక నేను ఆటోలో.

వీధి మొదట్లోనే తెలిసింది, ఇది నేను నిన్న వదిలి వెళ్లిన వీధి కాదని. మంత్రులు వచ్చేటప్పుడు వేసినట్టు కాలువ పొడవునా తెల్లటి బ్లీచింగు గీతలు. ఇంటింటికీ వాకిలి ఊడ్చి నీళ్లు చల్లి ఉంది. మా ఇంటి ముందు గుంట చీపురు పెట్టి రుద్ది కడిగి, అంచులకు సున్నం కొట్టి ఉంది. ఇత్తడి కుళాయిని చింతపండుతో తోమారు. ఎండలో మెరుస్తోంది. మా అత్త కొత్త చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎదురింటి అక్క రెండు కుర్చీలు తెచ్చి వేసి, వాటి మీద తువ్వాళ్లు పరిచింది.

నీళ్లు వచ్చాయి. ట్యాంకు దగ్గరి అతను చిన్న గాజుగొట్టంలో పట్టి, సీసాలోంచి పరీక్ష చుక్కలు వేశాడు. నీళ్లలో మందు ఉంటే లేత పసుపు రంగు తిరగాలి, లేకపోతే తెల్లగానే ఉండిపోవాలి. అది తెల్లగా ఉండలేదు, లేత పసుపూ కాలేదు. నారింజ రంగుకు తిరిగింది.

ఇంజినీరు గారు ఆ గొట్టాన్ని ఎత్తి వీధి వాళ్లందరికీ చూపించారు.

"ట్యాంకు కాడ కంటే మీ కాడే మందు ఎక్కువ ఉండాదక్కా. ఇంక నీకు ఏం కావాల?"

అందరూ నవ్వారు. మా వీధి వాళ్లే నవ్వారు. ఇంకో సీసాలో నీళ్లు పట్టుకున్నారు, పెద్ద పరీక్షకు పంపడానికి. మా అత్త ఇచ్చిన టీ తాగారు. బాగుందమ్మా అని ఆమెకు చెప్పి వెళ్లారు. కొన్నాళ్లకు ఆ సీసా ఫలితం కూడా వచ్చింది. నీళ్లలో ఏ దోషమూ లేదట.

వాళ్లు వెళ్లగానే అత్తను అడిగాను, ఇదంతా ఎవరి పని అని. అందరి పనీ అంది. ముందురోజు సాయంత్రం ఆడవాళ్లంతా కలిసి బ్లీచింగు తెప్పించారట. కాలువకు గీతలు వేసి, మిగిలింది బకెట్లలో కలిపి గుంట గుంటకూ పోశారట.

"ఇంటికి ఆఫీసర్లు వస్తా ఉంటే మురికి గుంట చూపిస్తామా? మనకి మర్యాద ఉండొద్దా? నీ మొగం చూసి కాదు, వీధి మొగం చూసి చేసినాం," అంది.

ఆమెతో ఆ తరవాత చాలా రోజులు నేను మాట్లాడలేదు. అన్నం పెట్టాను, మందులు ఇచ్చాను, మాట మాత్రం మాట్లాడలేదు. ఆమె కూడా తక్కువ తినలేదు. నాకు వినపడేలా మా ఆయనతో, కూరలో ఉప్పు తక్కువైందని నీ పెళ్లానికి చెప్పు అనేది. వియ్యపురాలికి ఎవరు చెప్పారో గాని ఫోన్ చేసి, నీళ్లు బాగున్నాయంట గదా వదినా, మరి కామెర్లు ఎట్లా వచ్చినాయో అంది. అందులోని వెటకారం నాకు తెలుసు. నీళ్లు బాగుంటే రోగం మా వంటింట్లో ఉందని దాని అర్థం.

ఒకరోజు దిండ్లలో దూది కూరుతూ కూర్చున్నాను. చేతులకు పని ఉన్నప్పుడు నాకు పాత కోపాలు ఒక్కొక్కటే వస్తాయి. ఇంజినీరు గారు ఎత్తి చూపించిన గాజుగొట్టం వచ్చింది. ట్యాంకు కంటే మీ దగ్గరే ఎక్కువ ఉంది. ఆ మాట దగ్గర నా చెయ్యి ఆగింది. ఎక్కువ ఎలా ఉంటుంది? మందు కలిపేది ట్యాంకులో. దారిలో తగ్గాలిగాని పెరగదు. మావాళ్లు బ్లీచింగు పోసింది గుంటలో. పరీక్షకు పట్టింది గుంటలోని నీళ్లు కాదు, కుళాయిలోంచి పడుతున్న నీళ్లు.

అత్త దగ్గరికి వెళ్లి నేనే ముందు మాట్లాడాను. మాటల్లేని రోజుల్లో నేను ముందు నోరు తెరిచింది అదొక్కసారే. ఆమె ఈ రోజుకీ దాన్ని తన గెలుపు అనుకుంటుంది.

"ఆ సాయంత్రం గుంటలో బ్లీచింగు నీళ్లు ఎంతవరకు పోసినారు?"

"కుళాయి మునిగేదాకా."

"కుళాయి తిప్పి ఉండిందా, కట్టేసి ఉండిందా?"

"ఎప్పుడన్నా కట్టేసినామా? నీళ్లు వస్తే చప్పుడు వినపడొద్దూ?"

అది నిజం. మా వీధిలో ఎవరూ కుళాయి కట్టెయ్యరు. తిప్పి వదిలేస్తే నీళ్లు వచ్చినప్పుడు బుసబుసమని గాలి చప్పుడు వస్తుంది, లేచి బిందె తీసుకుని పరుగెత్తుతాం. మరి పోసిన నీళ్లు పొద్దునకు ఏమయ్యాయి అని అడిగాను. తాను లేచేసరికి కుళాయి మూతి కింద అడుగున కొంచెమే మిగిలి ఉన్నాయంది. సిమెంటు గుంట. ఇంకిపోవడానికి దారి లేదు. కుళాయి నోరు తప్ప.

ట్యాంకు దగ్గర నీళ్లు కట్టేశాక పైపులో మిగిలిన నీళ్లు వెనక్కి జారతాయి. ఖాళీ అయిన పైపు తెరిచిన కుళాయిలోంచి గుంటలో ఉన్నది లోపలికి పీల్చుకుంటుంది. ఆ సాయంత్రం బ్లీచింగు పీల్చుకుంది. మిగతా రోజుల్లో మురుగు కాలువ పొంగు పీల్చుకుంటోంది. పొద్దున అవే నీళ్లు ముందు మా బిందెల్లో పడుతున్నాయి.

అర్జీ రాయకుండా నేరుగా ఆఫీసుకు వెళ్లాను. ఈసారి ఆయన తల ఎత్తారు, ఆయన కూర్చోమనకుండానే నేను కుర్చీలో కూర్చున్నందుకు కావచ్చు.

"సార్, ట్యాంకు కాడ కంటే మా కాడ మందు ఎక్కువుందని మీరే అన్నారు. ఆ ఎక్కువ ఏ దారిన వచ్చింది?"

మావాళ్లు గుంటల్లో బ్లీచింగు పోసిన సంగతి చెప్పాను. కుళాయిలు తెరిచి ఉంచే సంగతి కూడా చెప్పాను. ఆయన కాసేపు బల్ల మీద పెన్ను దొర్లించారు. చదువుకున్న మనిషి కాబట్టి ఆయనకు నేను చెప్పాల్సింది అంతకంటే ఏమీ లేకపోయింది. ఆ మధ్యాహ్నమే వచ్చి గుంటలన్నీ చూసుకుంటూ వీధి చివరి దాకా నడిచారు. నన్ను క్షమించమని అడగలేదు. గుంటలు పూడ్చి కుళాయిలు నేల మీదికి ఎత్తాలి, లేకపోతే కనెక్షన్లు కోసేస్తాం అని మాత్రం చెప్పారు.

దానితో వీధి మొత్తం నా మీదికి వచ్చింది. ఎత్తితే నీళ్లు ఎక్కవు, ఆ మాట నిజం. ముందు మీరు నీళ్ల బలం పెంచండి, తరవాత గుంటలు పూడుస్తాం అని వీళ్లు. ముందు గుంటలు పూడ్చండి, తరవాత చూస్తాం అని ఆఫీసు వాళ్లు. ఎదురింటి అక్క మా వాకిట్లోకి వచ్చి నడుముకు చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఆమెతో కలిసి నేను రోజూ చర్చి గంట వేళకు నీళ్లకు లేచేదాన్ని, ఎన్నో ఏళ్లు.

"నీ కూతురి పురుటికి మా అందరి కుళాయిలూ పూడ్చాల్నా?" అంది.

"నీ కొడుకు పసరికలు తెచ్చుకొని పడుకున్నప్పుడు ఎవురి పురుడక్కా?" అన్నాను.

ఆమె గిర్రున తిరిగి వెళ్లిపోయింది. ఆ మాట అనకుండా ఉండాల్సింది అని మా ఆయన అన్నారు. నాకు అలా అనిపించలేదు.

కూతుర్ని తీసుకురావలసిన నెల దగ్గర పడుతోంది. ఎవరో ఒకరు ముందు చెయ్యకపోతే ఇది తేలదు. ఇటుక ముక్కలు తెప్పించి మా గుంట నేనే పూడ్పించాను. కుళాయి నేల మీద మూరెడు ఎత్తున నిలబెట్టించాను. అనుకున్నట్టే ఒక్క చుక్క ఎక్కలేదు. అత్త ఆ కుళాయి మీద తడిగుడ్డ ఆరేసింది. ఇంకెందుకు పనికొస్తుంది అని.

మరునాటి నుంచి నేను, మా ఆయన సైకిల్‌కు బిందెలు కట్టుకుని ట్యాంకు కాళ్ల దగ్గరి కుళాయికి వెళ్లడం మొదలుపెట్టాం. ట్యాంకు దగ్గరి అతను ఇక్కడ పట్టకూడదు అక్కా అన్నాడు. ఈ కుళాయి నీళ్లు మంచివని వారం వారం రాసేది నువ్వే కదా అన్నా, మంచినీళ్లు ఎక్కడున్నాయో నువ్వే చెప్పినావు, అక్కడికే వచ్చినాం అన్నాను. బిందె నిండేదాకా అక్కడే నిలబడేదాన్ని. ఆఫీసుకు వచ్చేవాళ్లు, పోయేవాళ్లు ఎందుకు వచ్చావని అడిగేవారు. అడిగిన వాళ్లందరికీ మొదటినుంచి చెప్పేదాన్ని. కొన్నాళ్లకు మా వీధి నుంచి ఇంకో రెండిళ్ల వాళ్లు వచ్చారు. వాళ్లు గుంటలు పూడ్చలేదు, కానీ గుంటలో ఏముందో తెలిశాక ఆ నీళ్లు తాగబుద్ధి కాలేదట. ఆ తరవాత ఎదురింటి అక్క వచ్చింది. నా వెనక తన బిందె పెట్టి నిలబడింది.

ఆఫీసు గుమ్మం ముందు రోజూ బిందెల వరస ఉంటే ఏ అధికారికీ బాగుండదు. ఇంజినీరు గారు బయటికి వచ్చి, నాతో కాకుండా మా ఆయనతో మాట్లాడారు. పై వీధుల వాల్వు కట్టేసి ముందు అరగంట మీ చివరకే వదులుతాం, ఒక వారం చూస్తాం అన్నారు. పై వీధుల వాళ్లు గోల చేశారు. వాళ్లలో పలుకుబడి ఉన్నవాళ్ల బంధువులు ఉన్నారు. అయినా ఆయన ఆ మాట నిలబెట్టుకున్నారు. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మొదటి రోజు ఎత్తిన కుళాయిలోంచి గాలి వచ్చింది, తరవాత సన్నగా నీళ్లు వచ్చాయి. అత్త తడిగుడ్డ తీసి భుజాన వేసుకుంది. వారం తిరిగేసరికి ఎదురింట్లో ఇటుక ముక్కలు దించారు. ఆ నెలలోనే వీధిలో గుంటలన్నీ పూడిపోయాయి, చివరిదొకటి తప్ప. ఆ ఇంటాయన ఇంజినీరు స్వయంగా వచ్చి అడిగితేగాని ఒప్పుకోలేదు. అతని మొండితనం చూస్తే నాకే విసుగు వచ్చింది.

ఇప్పుడు ట్యాంకు దగ్గరి అతను వారానికోసారి చుక్కల సీసా పట్టుకుని మా ఇంటికే వస్తాడు. ఏ రోజు వస్తాడో ముందు చెప్పొద్దని అతనితో ఒట్టు వేయించుకున్నాను. మొదట్లో నీళ్లు తెల్లగానే ఉండిపోయేవి. రెండు చోట్ల పైపు కాలువలో మునిగి ఉన్నది కనిపెట్టి మార్చాక, ట్యాంకులో మందు కాస్త పెంచాక, గొట్టంలో లేత పసుపు తిరిగింది. నేను దాన్ని వెలుతురుకు పెట్టి చూశాను. అత్త చూసింది. ఇంకో రెండు వారాలు వరసగా అదే రంగు వచ్చాక కావలికి ఫోన్ చేశాను.

అప్పటికి ఏడో నెల దాటి ఎనిమిది నడుస్తోంది. వియ్యపురాలు పిల్లను ఒంటరిగా పంపలేదు, తనూ వెంట వచ్చింది. పొద్దున నీళ్లు వదిలే వేళకు ఆటో దిగి, ఇంట్లోకి రాకుండా కుళాయి దగ్గర నిలబడింది. నేను చుక్కల సీసా తెచ్చాను. అది నా దగ్గర పెట్టుకోవడానికి ఆఫీసు వాళ్లతో ఇంకో పోట్లాట అయింది, అది వేరే సంగతి. గొట్టంలో నీళ్లు పట్టి చుక్కలు వేస్తే లేత పసుపు తిరిగింది. ఆమె కళ్లజోడు సర్దుకుని చూసింది.

నా కూతురు ఈ పరీక్షలేవీ పట్టించుకోలేదు. బస్సులో దాహం వేసిందేమో, గ్లాసు తెచ్చి కుళాయి కింద పెట్టి పట్టుకుని తాగింది.

"నీళ్లు బ్లీచింగు వాసన కొడతా ఉండాయిమా," అంది.

"కొట్టనీ," అన్నాను.

వియ్యపురాలు మధ్యాహ్నం భోజనం చేసింది. కూరలో కారం ఎక్కువైందంది. పిల్ల బట్టల సంచి లోపల గదిలో పెట్టింది, మందులు ఏవి ఎప్పుడు వెయ్యాలో అత్తకు చెప్పింది, నాకు కాదు. సాయంత్రం బస్సుకు ఆమె ఒక్కతే కావలి వెళ్లింది.